నిలువ నీడ: గృహహింసా శాసనమునకు ఇరువది యేండ్లు

భర్త భార్యను కొట్టుట తగునా యని యడుగగా, ఆంధ్రప్రదేశమునందును తెలంగాణమునందును నూటికి ఇంచుమించు 84 మంది స్త్రీలు ఏదో యొక సందర్భమున తగుననియే యుత్తర మిచ్చిరి. ఇది మన జాతిని నిందింప బూనిన పరదేశీయుని వ్రాత కాదు. 2019-21 సంవత్సరములలో మన కేంద్ర ప్రభుత్వమువారే జరిపించిన అయిదవ జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమున దేలిన సంఖ్య. చెప్పకుండ గడప దాటినను, ఇంటిని పిల్లలను సరిగా చూడకున్నను, మాటకు మాట యెదురు చెప్పినను, వంట చెడినను, అత్తమామలయెడ అమర్యాదగా నడచినను దెబ్బ న్యాయమే యని మన యాడపడుచులే యొప్పుకొనిరి.

ఈ సంఖ్యను జూచి, “దెబ్బలు తినువారే కాదనకున్నచో మన కేల?” యని తప్పుకొనువారు కలరు. మాకు తోచు నర్థము వేఱు. వెడలిపోవుటకు చోటు లేనివారు తాము పడుచున్న బాధకు ధర్మమని పేరు పెట్టుకొని బ్రతుకుదురు. అన్యాయమని యొకసారి యొప్పుకొన్న పిమ్మట ఆ యింట నిలుచుట దుర్భరము. పోవుద మన్న నిలువ నీడ లేదు. కనుక మనస్సు న్యాయమను మాటతో సమాధానపడును. ఆ 84 మందియు చెప్పినది తమ యభిప్రాయము మాత్రమే కాదు. తమ యసహాయత కూడ.

ఆ పరిశీలనమే మఱి రెండు సంగతులు చెప్పుచున్నది. 18 మొదలు 49 ఏండ్లలోపల వివాహితలైన స్త్రీలలో భర్తవలన దేహహింసకో లైంగికహింసకో యెన్నడైన గుఱియైనవారు దేశమున నూటికి 29 మంది. ఆంధ్రప్రదేశమున 30 మంది. తెలంగాణమున ఇంచుమించు 37 మంది. హింస కోర్చిన భారత స్త్రీలలో ఎవరినైన సహాయ మర్థించినవారు నూటికి 14 మందియే. అర్థించినవారిలో నెక్కువమంది పుట్టినింటివారినే యాశ్రయించిరి. నూటికి 77 మంది సహాయ మర్థింపలేదు సరిగదా, ఆ సంగతి నే యొకరి చెవినైనను వేయలేదు.

“ఇంటి గుట్టు లంకకు చేటు” అని మన సామెత. గుట్టు బయటపడిన లంక చెడెనని చెప్పుకొందుము. కాని ఆ లంకలో చెఱయున్న స్త్రీకి ఆ గుట్టు బయటపడుటయే విముక్తి యయ్యెనని మఱతుము.

శాసనము లేకపోలేదు

ఈ విషయమున మన దేశమున శాసనములకు కొఱత లేదు. వరకట్నమును నిషేధించుటలో తెలుగువారు దేశమునకు ముందు నడచిరి. కేంద్ర శాసనము 1961లో రాగా, ఆంధ్రప్రదేశమున 1958లోనే అట్టి శాసనము పుట్టినది. 1983లో శిక్షాస్మృతికి 498-ఏ అను సెక్షను చేర్చి, భార్యను భర్తగాని అతని బంధువులుగాని క్రూరముగ హింసించుట మూడేండ్లవఱకు కారాగారశిక్షకు తగిన నేరమని నిర్ణయించిరి. 1986లో వరకట్న మరణములకు ప్రత్యేకముగ శిక్ష విధించిరి. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితయందును ఈ యపరాధములు వేఱు సంఖ్యలతో నిలిచియే యున్నవి. జాతీయ నేర గణాంక సంస్థవారి లెక్క ప్రకారము 2022లో దేశమున స్త్రీలపై జరిగినవిగా నమోదైన నేరములు 4,45,256. అందు ఇంచుమించు మూడవపాలు, అనగా నూటికి 31కి పైగా, భర్తయు నతని బంధువులును గావించిన క్రౌర్యమునకు సంబంధించినవియే.

అయినను శిక్షాశాసన మొకటియే యీ బాధను తీర్పజాలదు. ఏలన, అది జరిగిన నేరమునకు దండన విధించును. నేటి రాత్రి తలదాచుకొన చోటు చూపదు. దెబ్బలు తిన్న స్త్రీ మొదట కోరునది భర్తకు కారాగారము కాదు. దెబ్బ యాగవలెను, తన బిడ్డలు తనయొద్ద నుండవలెను, రేపటి కూటికి దారి కావలెను, ఆ యింటనుండి తన్ను ద్రోసివేయరాదు. ఈ నాలుగు కోరికలును ఎంత చిన్నవో అంత యవసరమైనవి. వీనిని తీర్చుటకే 2005లో పార్లమెంటు గృహహింసనుండి స్త్రీల రక్షణ శాసనమును గావించెను. 2006 అక్టోబరు 26వ తేదీన నది యమలులోనికి వచ్చినది.

ఈ శాసనపు టుద్దేశము నిజముగ కొనియాడదగినది. హింస యనగా నొంటిపై వాతలు మాత్రమే కాదనియు, లైంగికహింస, తూలనాడి మనస్సును క్రుంగదీయుట, తిండికి బట్టకు సొమ్మీయక బాధించుట, స్త్రీధనమును లాగుకొనుట - ఇవి యన్నియు హింసయే యనియు అందు స్పష్టముగ వివరింపబడినది. ఇది భార్యలకు మాత్రమే చేసిన శాసనమును కాదు. కొడుకుచే కొట్టబడు తల్లికి, అన్నదమ్ములు వెడలగొట్టిన అక్కచెల్లెండ్రకు, భర్త పోయిన కోడలికి, వివాహమువంటి సంబంధమున నున్న స్త్రీకి సైత మిది వర్తించును. అన్నిటికంటె మిన్నగా, ఇంటిపై హక్కుపత్రము ఎవరి పేర నున్నను, తాను కాపురమున్న యింట నివసించు హక్కు ఆమెకు కలదని 17వ సెక్షను చాటుచున్నది. కొట్టినవానినే యిల్లు వెడలు మని మేజిస్ట్రే టాజ్ఞాపింప వచ్చును. లేనిచో నంతటి వసతియే గల వేఱొక యింటిని చూపు మనవచ్చును.

2006లో సుప్రీంకోర్టు ఈ నివాసపు హక్కును మిక్కిలి సంకుచితముగ వ్యాఖ్యానించెను. అత్తమామల పేర నున్న యిల్లు కోడలికి వర్తింప దనిరి. పదునాలుగేండ్లు ఆ తీర్పు నీడన ఎందఱో స్త్రీలు గడప వెలుపల నిలిచిరి. 2020 అక్టోబరు 15వ తేదీన ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసన మా తీర్పును త్రోసివైచి, బంధువుల పేర నున్న యిల్లైనను ఆమె అందు కాపురమున్నచో నామెకు రక్షణ కలదని తీర్మానించెను. శాసనము నేడు స్త్రీ పక్షమున నున్నదనుటకు సందేహము లేదు. శాసనమునకు గడపకు నడుమ నేమి యున్నదో, ఇప్పుడు చూడవలసిన దదియే.

ఒక రాత్రి సంగతి

జిల్లా ముఖ్యపట్టణమునకు ఏబది మైళ్ల దూరమున నున్న యొక పల్లెలో, రాత్రి పదిగంటలకు చంటిబిడ్డతో గడప వెలుపలికి నెట్టబడిన యొక యిల్లాలిని పాఠకులు మనస్సున దలచుకొందురు గాక. శాసనము ప్రకారము జరుగవలసిన దిది. ఇరుగు పొరుగులలో నెవరైనను రక్షణాధికారికి కబురు చేయవచ్చును. సదుద్దేశముతో చెప్పినవారిపై నే వ్యాజ్యమును నిలువదని 4వ సెక్షను అభయ మిచ్చినది. పోలీసువారియొద్దకు పోయినచో, ఈ శాసనమువలన నామెకు గల హక్కులను వారే యామెకు విప్పిచెప్పవలెను. రక్షణాధికారి జరిగిన సంగతిని నివేదికగా వ్రాసి మేజిస్ట్రేటునకు పంపవలెను, వైద్యపరీక్ష చేయింపవలెను, ఉచిత న్యాయసహాయము కుదుర్పవలెను, ఆమె కోరినచో నాశ్రయగృహమునకు చేర్పవలెను. అర్జీ అందిన మూడు దినములలోపల మొదటి వాయిదా పడవలెను. నోటీసును రెండు దినములలో చేర్పవలెను. మొదటి వాయిదానుండి 60 దినములలోపల అర్జీ తేల్చుటకు మేజిస్ట్రేటు ప్రయత్నింపవలెను. అవసరమైనచో, అవతలివాని మాట వినకముందే తాత్కాలికాజ్ఞ నీయవచ్చును.

జరుగునది వేఱు. ఆ యిల్లాలు మొదట పుట్టినింటికి పోవును. “సర్దుకొని పొమ్ము తల్లీ, చెల్లెలి పెండ్లి కావలసియున్నది గదా” యని తల్లి కన్నీరు పెట్టుకొనును. ఊరి పెద్దలు పంచాయతి పెట్టి, ఇక ముందు కొట్టనని భర్తచేత నొక మాట పలికించి, ఆమెను మరల నా యింటికే పంపుదురు. పోలీసు స్టేషనున, “ఆలుమగల గొడవకు మాయొద్ద కేల వచ్చితి వమ్మా?” యని యడుగుదురు. ఆలుమగల కలహము అన్నము తినువఱకే యని మన పెద్దలన్నది నిజమే. అయితే అది కలహమునకు చెప్పిన సామెత, దెబ్బలకు కాదు. ఇద్దఱు మాటలాడినపు డది కలహము. ఒకడు కొట్టి యొకతె యొదిగినపు డది హింస. ఈ రెంటికి గల భేదమును పాటింపని మధ్యవర్తి ధర్మము తెలిసిన పెద్దమనుష్యుడు కాజాలడు.

ఇక రక్షణాధికారి. ఆ పల్లెలోని స్త్రీలలో ఎందఱకు ఆ పేరు తెలియును? శాసనమున కంతటికిని ఇరుసువంటివా డతడు. ఇల్లాలికి, మేజిస్ట్రేటునకు, పోలీసునకు, వైద్యునకు, ఆశ్రయగృహమునకు నడుమ నుండి వారిని కలుపవలసిన వాడు. సాధ్యమైనంతవఱకు నీ యుద్యోగమున స్త్రీలనే నియమింపవలెనని శాసనమే చెప్పినది. కాని దేశమునం దనేక రాష్ట్రములు వేఱు పనులతో తలమునుకలైయున్న యధికారులకే యీ బాధ్యతను అదనముగ నంటగట్టి చేతులు దులుపుకొన్నవి. అంగన్‌వాడీలు, పౌష్టికాహారము, పింఛనులు, సమావేశములు - వీని నడుమ రాత్రి పదిగంటలకు గడప వెలుపల నిలిచిన స్త్రీ వంతు వచ్చు టెన్నడు?

ఈ లోపమును సుప్రీంకోర్టే గుర్తించవలసి వచ్చినది. 2025 మే 20వ తేదీన నిచ్చిన యుత్తరువులో, జిల్లా తాలూకా స్థాయిలలో స్త్రీ శిశు సంక్షేమ శాఖాధికారులను గుర్తించి రక్షణాధికారులుగ నియమింపవలెననియు, నియామకము జరుగని చోట్ల ఆరు వారములలో పూర్తిచేయవలెననియు, శాసనమునుగూర్చి ప్రజలలో ప్రచారము గావింపవలెననియు రాష్ట్రములకు ఆజ్ఞాపించెను. శాసనము పుట్టిన ఇరువది యేండ్లకు, దానిని నడుపు నుద్యోగి నుంచుడని న్యాయస్థానము చెప్పవలసి వచ్చెనన్న, మన రాష్ట్ర ప్రభుత్వములు దీని నెట్లు చూచినవో వేఱుగ చెప్పనక్కఱలేదు.

వీరేశలింగముగారు నేర్పిన పాఠము

ఇట్టి యనుభవము తెలుగువారికి క్రొత్త కాదు. హిందూ వితంతువుల పునర్వివాహమును సమ్మతించు శాసనము 1856లోనే వచ్చినది. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహమును జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీన. నడుమ ఇరువదియైదేండ్లు గడచినవి. ఆ ఇరువదియైదేండ్లును శాసనము గ్రంథమున భద్రముగనే యుండెను. అక్కఱపడినవారికి మాత్ర మందలేదు. వీరేశలింగముగా రా శాసనమున కొక్క యక్షరమైనను చేర్పలేదు. వారు చేర్చినది ఇల్లు, అన్నము, తోడు. వెలియైన దంపతులకు వసతి చూపిరి. వారి వ్యయములకు సొమ్ము కూర్చిరి. ఊరివారి యాగ్రహమునకు తాము ముందు నిలిచిరి. అప్పుడుగాని కాగితపు హక్కు బ్రతుకైన హక్కు కాలేదు.

దుర్గాబాయమ్మగా రీ సంగతిని మఱింత స్పష్టముగ గ్రహించిరి. ఉప్పు సత్యాగ్రహమున చెఱసాలకు పోయిన యా వనిత, 1937లో మదరాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించి స్త్రీలకు చదువును వృత్తివిద్యను ఒకచోట జేర్చిరి. 1953లో చీనాదేశమునకు పోయివచ్చిన పిమ్మట, కుటుంబ వివాదములకు ప్రత్యేక న్యాయస్థానము లుండవలెనని ప్రధానియైన నెహ్రూగారితోను న్యాయమూర్తులతోను చర్చించిరి. కుటుంబ న్యాయస్థానముల శాసనము 1984లోగాని రాలేదు. మన సంస్కర్తలు శాసనముతో పాటు ఆశ్రయమునుగూడ చింతించిరి. మన ప్రభుత్వములు శాసనము చేసి యాశ్రయమును మఱచినవి.

ఆశ్రయము మొత్తము లేదని మేము చెప్పుట లేదు. 2015 ఏప్రిలునుండి దేశమంతట సఖి కేంద్రములు వెలసినవి. ఒక్క కప్పుక్రింద వైద్యము, పోలీసు సహాయము, న్యాయసలహా, మనస్సునకు ఊరట కల్పించుట వాని యుద్దేశము. 181 సంఖ్యకు టెలిఫోను చేసినచో నే వేళనైనను సహాయము కోరవచ్చును. స్త్రీ యగుటచేతనే, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఉచిత న్యాయసహాయమునకు అర్హురాలని 1987 నాటి న్యాయసేవల శాసనము చెప్పుచున్నది. ఇవి యన్నియు మంచివే. కాని సఖి కేంద్రమున తలదాచుకొనుటకు గడువు సాధారణముగ అయిదు దినములు. న్యాయస్థానమున తేల్చుటకు శాసనమే పెట్టుకొన్న గడువు 60 దినములు. ఆ నడుమ నున్న ఏబదియైదు రాత్రులు ఎక్కడ గడపవలెను? 60 దినములు నెలలై, నెలలు సంవత్సరములైన చోట నెక్కడ గడపవలెను? కొట్టినవాని యింటికి మరలి పోవు స్త్రీలలో ననేకులు భర్తపై ప్రేమచేత పోవుట లేదు. ఆ రాత్రులను గడపలేక పోవుచున్నారు.

దురుపయోగమను వాదము

ఇచ్చట నొక యాక్షేపణను మన్నించి యుత్తర మీయవలసియున్నది. ఈ శాసనములను కొందఱు స్త్రీలు పగ దీర్చుకొనుటకు వాడుచున్నారనియు, దూరమున నున్న ఆడబిడ్డలను ముసలి అత్తమామలను సైతము వ్యాజ్యమునకు లాగుచున్నారనియు వాదము. ఇది పూర్తిగ నబద్ధము కాదు. 2014లో సుప్రీంకోర్టు, 498-ఏ క్రింద విచక్షణలేక నిర్బంధింపరాదని పోలీసువారికి హెచ్చరిక చేసెను. 2024 డిసెంబరులో తెలంగాణమునుండి వచ్చిన యొక వ్యాజ్యమున, నిర్దిష్టమైన యారోపణ లేకుండ కుటుంబమున నందఱను నేరస్థులుగ జేర్చుట తగదని చెప్పి యా నేరారోపణను కొట్టివేసెను. నిరపరాధి యొక్కడైనను చెఱసాలకు పోరాదన్నది మాకును సమ్మతమే. అదే తీర్పున న్యాయమూర్తులు, క్రౌర్యమున కోర్చిన స్త్రీ మౌనము వహింపవలెనని తాము చెప్పుట లేదనియు స్పష్టపఱచిరి.

కాని యీ వాదమువలన సిద్ధించున దేమి? 2005 శాసనము ప్రధానముగ సివిలు స్వభావము గలది. అందు మొదటి మెట్టున నిర్బంధము లేదు. “కొట్టకుము, వెడలగొట్టకుము, మనోవర్తి చెల్లింపుము” అనునదియే యందలి యాజ్ఞ. రక్షణాజ్ఞను ధిక్కరించినపుడే యేడాదివఱకు కారాగారము, ఇరువదివేల రూపాయలవఱకు జరిమానా, లేదా రెండును. శిక్షాశాసనము దురుపయోగ మగుచున్నదని నిజముగ చింతించువారు, ఈ రెండవ మార్గము శీఘ్రముగ సుగమముగ నుండవలెనని యందఱకంటె ముందు కోరవలెను. ఇల్లును మనోవర్తియు రెండు నెలలలో దొరకునని తెలిసిన స్త్రీ పోలీసు స్టేషను మెట్లు ఎక్కుట కంతగా తొందరపడదు. ఆ తలుపు మూసియుంచి, ఈ తలుపు తట్టినందులకు నామెను నిందించుట న్యాయము కాదు.

ఆస్తి, ఐకమత్యము

మఱియొక సంగతి. ఆర్థికశాస్త్రవేత్తలైన ప్రదీప్ పాండాగారును బీనా అగర్వాల్‌గారును కేరళమున తిరువనంతపురము జిల్లాలో జరిపిన పరిశోధనమును 2005లో ప్రకటించిరి. భూమిగాని యిల్లుగాని లేని భార్యలలో నూటికి 49 మంది భర్తచేతి దెబ్బలు తినియుండగా, రెండును తమ పేర గలవారిలో 7గురే తినిరని యందు తేలినది. తన పేర నిల్లున్న స్త్రీ అడుగు బయట పెట్టగలదు. పెట్టగలదని తెలియుటచేతనే అవతలివాని చేయి వెనుకాడును. తెలుగునాట ఆడపిల్లకు పిత్రార్జితమున కొడుకుతో సమానభాగ మిచ్చు శాసనము 1985లోనే వచ్చినది. దేశమున కంతటికిని 2005లో వర్తించినది. అయినను పెండ్లికి పెట్టిన కట్నమే నీ భాగ మని చెప్పి కూతుచేత వదులుకోలు పత్రము వ్రాయించుకొను ఇండ్లెన్ని లేవు! కూతురి చేతికి పొలము నీయక, అల్లుని చేతికి కట్నము నిచ్చు తండ్రి, తన బిడ్డ రేపు తిరిగివచ్చుటకు గల దారిని తానే మూయుచున్నాడు.

ప్రభుత్వ మొకటియే సర్వమును చేయజాలదనుటయు నిజమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఏ యధికారి యాజ్ఞకును ఎదురుచూడలేదు. అక్షరములు నేర్చుకొనుటకు రాత్రివేళ కూడిన తల్లులు, తమ కూలిడబ్బు సారాకొట్టునకు పోవుటను, సారా త్రాగిన చేయి తమ వీపున పడుటను ఒకరితో నొకరు చెప్పుకొనిరి. ఎవరికి వారు సిగ్గుపడి దాచిన బాధ, పదుగురికి నున్నదని తెలియగానే సిగ్గు పోయి ధైర్యము వచ్చెను. వారు లేచి సారాకొట్టును మూయించిరి. ఆ మంట జిల్లానుండి జిల్లాకు ప్రాకి, 1993లో సారా నిషేధమునకును 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసెను. ఆ సంపూర్ణ నిషేధము పిదప సడలింపబడినను, పదుగురు స్త్రీలు తమ బాధ చెప్పుకొన్న మాత్రమున నెంత బలము పుట్టునో దూబగుంట నిరూపించెను. నేడు మన గ్రామములలో పొదుపు సంఘములకు కొఱతలేదు. అప్పు వాయిదాల లెక్కతో పాటు, దెబ్బలు తిన్న సోదరి సంగతియు నా సంఘమున నొక విషయమైనచో, ఒక్కొక్క సంఘ మొక్కొక్క దూబగుంట కాగలదు.

చేయవలసిన పనులు

కావున రెండు తెలుగు ప్రభుత్వములను మేము కోరునది క్రొత్త శాసనముకంటె ముందు పాత శాసనమునకు ప్రాణము పోయు డని. మొదటిది, ఈ పని తప్ప వేఱు పని లేని రక్షణాధికారిణి ప్రతి రెవెన్యూ డివిజనునకు నుండవలెను. ఆమెకు వాహనము, వ్రాయసకాడు, తగిన శిక్షణము, నమ్మకమైన జీత ముండవలెను. ఆమె పేరు, టెలిఫోను సంఖ్య ప్రతి పంచాయతి కార్యాలయపు గోడపైనను, ప్రతి అంగన్‌వాడీ తలుపుపైనను, పెద్దయక్షరములతో వ్రాయింపవలెను. రెండవది, అయిదు దినముల యాశ్రయమునకును న్యాయస్థానపు తీర్పునకును నడుమ గల రాత్రులకు, బిడ్డలతో నుండదగిన ఆశ్రయగృహములు డివిజనునకు నొకటియైనను కావలెను. మూడవది, 60 దినములు దాటిన అర్జీలెన్నో ప్రతి జిల్లాలోను మూడునెలల కొకసారి ప్రకటింపవలెను. లెక్క బయట పెట్టిననే జాగు సిగ్గుపడును.

నాలుగవది, మనోవర్తి. 2020లో సుప్రీంకోర్టు, ఇరుపక్షములును తమ యాదాయవ్యయముల లెక్క ప్రమాణపూర్వకముగ దాఖలు చేయవలెననియు, అర్జీ పెట్టిన నాటినుండియే మనోవర్తి లెక్కింపవలెననియు శాసించెను. ఆజ్ఞ వచ్చినను సొమ్ము రాని స్త్రీలకు, ప్రభుత్వమే మొదట నెలనెల చెల్లించి, పిదప భర్తనుండి భూమి శిస్తు బకాయివలె వసూలు చేయు పద్ధతి నాలోచింపవలెను. తల్లీబిడ్డలు పస్తుండగా బాకీదారునివెంట దిరుగవలసిన పని ప్రభుత్వమునదే కాని యామెది కాదు. అయిదవది, శాసనమునకే యొక సవరణ కావలెను. ధిక్కారమునకు శిక్ష రక్షణాజ్ఞ విషయముననే స్పష్టముగ చెప్పబడినది. నివాసాజ్ఞను మనోవర్తి యాజ్ఞను ధిక్కరించినపుడు నా శిక్ష వర్తించునా యను విషయమున హైకోర్టులలోనే భేదాభిప్రాయము లున్నవి. ఇల్లు వెడలగొట్టుట కూడ దెబ్బయే గనుక పార్లమెంటు ఈ సందేహమును తీర్పవలెను.

వీనికి సొమ్మెక్కడిదని యార్థిక మంత్రులు ప్రశ్నింప వచ్చును. దెబ్బలు తిన్న స్త్రీలకు చేయు వైద్యమునకు, పోయిన కూలిదినములకు, బడి మానిన బిడ్డలకు, చివరకు శవపంచాయతీలకు ఈ దేశ మిప్పటికే సొమ్ము చెల్లించుచున్నది. ఆ వ్యయము మన యాదాయవ్యయ పట్టికలలో కనబడకపోవుట యొకటే భేదము.

పరపాలకుల లాఠీ మన వీపున పడినపుడు, అది శాంతిరక్షణకే యని వారు చెప్పిరి. మన మొప్పుకొనలేదు. లాఠీ యెత్తిన చేతి కధికార మున్నదా లేదా యని కాక, మనుష్యుని కొట్టు హక్కు ఏ చేతికిని లేదని తలంచియే స్వరాజ్యమును కోరితిమి. ఆ స్వరాజ్యము ఊరి పొలిమేరవఱకు వచ్చి, ఇంటి గడపవద్ద నిలిచిపోరాదు. ఆ పల్లెలో రాత్రి పదిగంటలకు చంటిబిడ్డతో గడప వెలుపల నిలిచిన యిల్లాలికి స్వరాజ్య మనగా నుపన్యాసము కాదు. అది పిలిచిన పలుకు నొక యధికారిణి. ఆ రాత్రికి తెఱచియున్న యొక తలుపు. మూడవనాడు పడు నొక వాయిదా. ఆ మూడింటిని చేకూర్చిన నాడు, కొట్టుట తగునా యని మరల నడిగి చూతము. ఆ నూటికి 84 మందిలో నెందఱు తగునందురో అప్పుడు తెలియగలదు.